కష్టకాలంలో మనిషి విలువ: క్రైస్తవ విశ్వాసం ఎక్కడ నిలబెడుతుంది, ఎక్కడ పడదోస్తుంది

అప్పులపాలైన రైతునో, ఏడాదిగా ఉద్యోగం దొరకని కుర్రాణ్ణో, భర్త వదిలేసిన ఆడమనిషినో కదిలించి చూడండి. డబ్బు గురించీ ఆరోగ్యం గురించీ చెప్పేది కాసేపే. ఆ తర్వాత మాట వేరే చోటికి పోతుంది. "నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నానండీ." "నేనేం పాపం చేశానో." "నా బతుకింతే." కష్టం చేతిలో ఉన్నది లాక్కుపోయి ఊరుకోదు, మనిషికి తన మీద తనకున్న అంచనాను కూడా పట్టుకుపోతుంది. మొదటి నష్టాన్ని బంధువులో బ్యాంకో కొంతైనా పూడ్చగలరు. రెండోదాన్ని పూడ్చడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా చాలామందికి తెలియదు.

ఆ రెండో నష్టం దగ్గర క్రైస్తవ విశ్వాసం ఏం చేస్తుంది? దీనికి మన మధ్య రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "దేవుణ్ణి నమ్ముకుంటే ధైర్యం వస్తుంది" అని ఒకరంటారు. "పొద్దస్తమానం నేను పాపిని పాపిని అనిపించే మతం మనిషిని ఇంకా కుంగదీస్తుంది" అని మరొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఒకే విశ్వాసం ఒకరిని నిలబెట్టి, అదే సంఘంలో పక్క బెంచీ మీద కూర్చున్న మనిషిని ఎందుకు పడదోస్తుందో ఈ రెండూ చెప్పవు. నాకు అర్థమైనంతలో కీలకం ఒక ముడి దగ్గర ఉంది. "నాకు ఏం జరిగింది" అన్నదాన్నీ "నేను ఎంతటివాణ్ణి" అన్నదాన్నీ కలిపి కట్టిన ముడి అది. విశ్వాసం ఆ ముడిని విప్పినప్పుడు మనిషి లేస్తాడు. అదే విశ్వాసం పేరుతో ఆ ముడిని మళ్ళీ బిగిస్తే, ఏ మతమూ లేనివాడి కంటే ఎక్కువ నలిగిపోతాడు.

ముందు ఆత్మగౌరవం దేన్ని పట్టుకుని ఉంటుందో చూద్దాం. అమెరికన్ మనస్తత్వవేత్త జెనిఫర్ క్రోకర్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన పరిశోధనలో కాలేజీ విద్యార్థులు తమ విలువను ఏయే ఆధారాల మీద నిలుపుకుంటారో పరిశీలించి ఏడింటిని గుర్తించారు. ఇతరుల మెప్పు, అందం, పోటీలో గెలుపు, చదువులో రాణింపు, కుటుంబం అండ, నీతిగా బతకడం, దేవుని ప్రేమ. మొదటి నాలుగింటిని చూడండి. జబ్బు చేస్తే, ఫెయిలైతే, ఉద్యోగం ఊడితే మొదట కూలేవి అవే. కుటుంబం అండ కూడా అప్పుల గొడవలో కరిగిపోవచ్చు. దేవుని ప్రేమ మాత్రం, కనీసం సిద్ధాంతం ప్రకారం, మార్కుల మెమో మీదో మెడికల్ రిపోర్టు మీదో ఆధారపడదు. క్రైస్తవ బోధలో ఈ విషయానికి ఉన్న బలమంతా ఇక్కడే ఉంది.

బైబిల్ మొదటి అధ్యాయమే మనిషి దేవుని స్వరూపంలో సృష్టించబడ్డాడంటుంది. ప్రాచీన పశ్చిమాసియాలో "దేవుని స్వరూపం" అనే గౌరవం సాధారణంగా రాజులకు దక్కేది. ఆదికాండం దాన్ని రాజు చేతిలోంచి తీసి స్త్రీపురుషులందరికీ పంచింది. తొలి తరం క్రైస్తవ బోధకుడు పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడంటుంది. ఆ "ఉండగానే" చాలా ముఖ్యం. బాగుపడ్డాక కాదు, అర్హత సంపాదించాక కాదు. విలువ ముందు వచ్చింది, నడవడిక తర్వాత వచ్చింది. పరీక్ష రాయకముందే ఫలితం చెప్పేసినట్టు.

ఇక కష్టం గురించి. పుట్టుగుడ్డి ఒకడు కనబడితే శిష్యులు యేసును "వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" అని అడుగుతారు. మన ఊళ్ళో అరుగుల మీద వినిపించే ప్రశ్నే అది. యేసు రెండింటినీ కొట్టిపారేస్తాడు. యోబు గ్రంథం దీన్నే నలభై రెండు అధ్యాయాల పాటు వాదిస్తుంది. యోబు ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్ళంతా కురుపులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చి, "నువ్వేదో చేసే ఉంటావు, ఒప్పుకో" అని రకరకాలుగా చెబుతారు. యోబు ఒప్పుకోడు. దేవుడితోనే తగువు పెట్టుకుంటాడు. చివరికి దేవుడు ఆ స్నేహితులతో, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగా పలకలేదని అంటాడు. ఈ కథలో చాలామంది గమనించకుండా దాటిపోయేది ఒకటుంది. ఆ మెచ్చుకోలు వచ్చేసరికి యోబు పోగొట్టుకున్నదేదీ తిరిగి రాలేదు. గొర్రెలూ ఒంటెలూ రెట్టింపు కావడం దాని తర్వాతి మాట. అంటే యోబు నిర్దోషి అని తేలింది అతని కష్టం తీరినందువల్ల కాదు.

అయితే బైబిల్లోనే ఈ ముడిని బిగించే మాటలు కూడా ఉన్నాయని దాచకుండా చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో విధేయతకు దీవెనలు, అవిధేయతకు శాపాలు వరసగా ఉంటాయి. పంట, పశువులు, ఆరోగ్యం, యుద్ధంలో గెలుపు అన్నీ అందులోనే. ఏ భాగాన్ని పట్టుకుని ఏ భాగాన్ని చదువుతున్నాం అన్నదాన్ని బట్టి ఒకే పుస్తకం మందూ కావచ్చు, విషమూ కావచ్చు.

మన నేల మీద ఇది ఎలా పనిచేసిందో చూడడానికి ఒంగోలు చరిత్ర కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. జనం క్లౌ దొర అని పిలిచేవారు. ఆ ఏడాదే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు, అంతకుముందే యోగసాధన ఉన్నవాడు, తన చుట్టూ శిష్యులున్నవాడు. అతని వెంట పడమటి పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. అదే సమయంలో క్లౌ దగ్గరికి పట్టణంలోని బ్రాహ్మణ కుటుంబాల కుర్రాళ్ళు చదువుకు వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు తేల్చి చెప్పారు. పలుకుబడి ఉన్నవాళ్ళు కావాలా, ఊరి చివరివాళ్ళు కావాలా అన్నది నిజమైన ఇరకాటమే. ఆ రోజుల్లో తానూ తన భార్యా ఒకరికి తెలియకుండా ఒకరు బైబిల్ తెరిస్తే ఒకే భాగం తగిలిందని క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం: "లోకములో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనియున్నాడు." మాదిగలను చేర్చుకున్నారు. బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయారు.

ఈ వాక్యం ఆ పల్లెల్లో ఎలా వినబడి ఉంటుందో ఊహించండి. నీ పుట్టుకే నీ పూర్వజన్మ పాపఫలం అని తరతరాలుగా విన్న మనిషికి, నీ నీడ పడితే మైల అని నమ్మిన ఊళ్ళో బతికిన మనిషికి, దేవుడు ఏరి కోరి ఎంచుకున్నది నిన్నే అని చెప్పడం అది. జాలి చూపడం ఒకటి, ఎంచుకోవడం మరొకటి. జాలిలో మనిషి కిందే ఉంటాడు.

అయితే ఇక్కడ కష్టం తగ్గలేదు, పెరిగింది. చేరేవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఆనాటి పల్లె కట్టుబాట్లలో ఒక్కొక్కటీ ఒక్కో తిరుగుబాటు. ఆదివారం రానంటే కోతల రోజుల్లో ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. పని ఇవ్వడం మానేశారు, బావి దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు. విశ్వాసం వల్ల బతుకు సుఖపడితే ఆత్మగౌరవం పెరిగిందని చెప్పడం తేలిక. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. కూలి పోయింది, నీళ్ళు పోయాయి, అయినా వెనక్కి పోనివాళ్ళు వేలల్లో ఉన్నారు.

ఎందుకు నిలబడ్డారు? వాళ్ళకు దొరికింది ఒక భావన మాత్రమే కాదు. ఆసామికి చెందని రోజు ఒకటి వారంలో దొరికింది. పిల్లవాడు పలక పట్టి అక్షరాలు దిద్దాడు. ఇంట్లోని ఆడమనిషి చదవడం నేర్చుకుని బైబిల్ స్త్రీగా ఇంకో పేటకు వెళ్ళి వాక్యం చెప్పింది. పేటలోనే ఒకరు సంఘపెద్ద అయ్యారు. అంతవరకూ "ఒరేయ్" అని తప్ప పిలుపు వినని మనిషిని "సహోదరుడా" అన్నారు. నేను ఈ చిన్న చిన్న ఏర్పాట్లకు సిద్ధాంతం కంటే ఎక్కువ విలువ ఇస్తాను. నీకు విలువ ఉంది అని చెబితే సరిపోదు, ఆ విలువతో కూర్చోవడానికి ఒక చోటు, చేయడానికి ఒక పని, పిలవడానికి ఒక పిలుపు కావాలి.

1876 నుంచి 1878 దాకా దక్షిణ భారతాన్ని మహాకరువు కబళించింది. బకింగ్‌హాం కాలువ పనుల్లో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. వేలమంది మన్ను తవ్వారు. మిషన్ బోధకులే మేస్త్రీలు. తవ్వకం మధ్య కాస్త ఊపిరి తీసుకున్నప్పుడు వాళ్ళు జనానికి మళ్ళీ మళ్ళీ చెప్పిన వాక్యం, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." నెత్తిన నిజంగానే మట్టి తట్ట ఉన్నవాళ్ళకు అందులో వివరించి చెప్పాల్సింది ఏమీ లేదు.

ఆ కరువులో క్లౌ తీసుకున్న నిర్ణయం ఒకటి మన విషయానికి చాలా దగ్గరిది. సహాయం జరుగుతున్నన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. నెలల తరబడి ఇవ్వలేదు. సహాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, వెళ్ళిపోండి అన్నా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. "అన్నం కోసం మతం మారారు" అనే మాట అప్పటి నుంచీ ఉంది. ఆ మాట అనేవాళ్ళు ఆ నెలల ఎడాన్ని పట్టించుకోరు. అదీగాక, తనను మనిషిగా చూసిన చోటికి మనిషి వెళ్ళడం సిగ్గుపడాల్సిన కారణమా? మిషనరీ అండ ఉంటే కరణం, మునసబు కొంత జంకుతారన్న లెక్క కూడా కొందరి మనసులో ఉండే ఉంటుంది. ఉండనివ్వండి. ఆకలినీ అవమానాన్నీ విడదీసి చూడడం కడుపు నిండినవాళ్ళకే కుదురుతుంది.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. 1912లో బిషప్ అయిన ఆయన భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ సంప్రదాయపు) బిషప్. పల్లెల్లో కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందాను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అంటే నాకు కీడే) అని పలికించేవాడు. చదువు రాని కూలీ మనిషి నోట ఆ మాట. ఆ పల్లెల్లో మాల మాదిగలు అప్పటిదాకా తీసుకునేవాళ్ళే, అదీ పైనుంచి పోస్తే దోసిలి పట్టి. ఇప్పుడు వాళ్ళ దగ్గర ఇతరులకు ఇవ్వదగ్గది ఒకటి ఉంది. కుంగిపోయిన మనిషిని ఓదార్చడం మంచిదే. అతన్ని ఒక సహాయం అడగడం ఇంకా మంచిదని అజరయ్యకు తెలుసనిపిస్తుంది.

ఇలా కలిగిన విలువకు మూల్యం కూడా చెల్లించారు. 1985 జులైలో కారంచేడులో మాదిగపేటవాళ్ళు తాగే నీళ్ళ చెరువు దగ్గర అగ్రకులస్థులు గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే పేటవాళ్ళు అడ్డుకున్నారు. ఒక దళిత స్త్రీ చేతిలో ఉన్న బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు పేట మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ పేటలో చాలా కుటుంబాలు క్రైస్తవులవే. ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు పరుగెత్తినవాళ్ళు తలదాచుకున్నది చర్చి ఆవరణలో. ఆ బిందె ఎత్తడం వెనక చదువు, ఉద్యమాలు, అంబేడ్కర్ ఆలోచన, మారిన కాలం అన్నీ ఉన్నాయి. ఆదివారం ఆదివారం విన్న మాట కూడా ఉందని నా నమ్మకం.

ఇప్పుడు "పాపిని" అనే మాట దగ్గరికి వద్దాం. క్రైస్తవ బోధలో పాపం అంటే మనిషి చెడిన స్థితి, పనికిరానితనం కాదు. ఆంగ్లికన్ సంప్రదాయం నుంచి వచ్చిన ఆరాధన క్రమంలో ప్రభురాత్రి భోజనానికి (యేసు చివరి భోజనాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడానికి) ముందు ఒక ప్రార్థన ఉంటుంది. నీ బల్ల కింద పడ్డ రొట్టె ముక్కలు ఏరుకోవడానికైనా మేము యోగ్యులం కాము అంటారు. ఆ వెంటనే అదే బల్ల దగ్గరికి పిలిచి, చేతిలో రొట్టె పెడతారు. యోగ్యత లేదని ఒప్పుకున్నవాణ్ణి కూర్చోబెట్టి తినిపించడం కృప అనే మాటకు సరైన వివరణ. అందంగా ఉంది. కానీ ఆ ప్రార్థన ఎవరి నోట పలుకుతుందన్నది కూడా చూడాలి. వంద ఎకరాల ఆసామి మోకరించి ఆ మాట అంటే అతని గర్వం కాస్త కరుగుతుంది. నిజంగానే ఊళ్ళోవాళ్ళ ఎంగిలి మెతుకుల మీద బతికిన కుటుంబం నుంచి వచ్చిన మనిషి అదే మాట అంటే, అది ఊరు చెప్పిన మాటే మళ్ళీ అయిపోదా?

అమెరికన్ క్రైస్తవ వేదాంతి వేలరీ సేవింగ్ 1960లో ఒక వ్యాసంలో సరిగ్గా ఇలాంటి ప్రశ్నే స్త్రీల వైపు నుంచి వేసింది. పాపమంటే గర్వమే అని చెబుతున్నది మగవాళ్ళు, తమ అనుభవం నుంచి. చాలామంది స్త్రీల ఇబ్బంది గర్వం ఎక్కువ కావడం కాదు, తనంటూ ఏమీ మిగలకుండా కరిగిపోవడం అని ఆమె వాదన. మన దేశంలో అరవింద్ నిర్మల్ లాంటివాళ్ళు 1980ల మొదట్లో బెంగళూరులో దళితుల అనుభవం నుంచి వేదాంతాన్ని మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. దీని సారం మామూలు మాటల్లో ఇంతే. తగ్గింపు, అంటే తనను తాను తగ్గించుకోవడం, అందరికీ ఒకే మోతాదులో ఇచ్చే మందు కాదు. తాగొచ్చి కొట్టే భర్త గురించి ఏడుస్తూ వచ్చిన ఆమెకు "ప్రార్థన చేసుకో అమ్మా, ఓర్చుకో, నీ ఓర్పు చూసి ఆయన మారతాడు" అని చెప్పి పంపడం నేను చాలాసార్లు విన్నాను. చెప్పినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. కానీ ఆ మాటతో ఆమె ఇంటికి తీసుకెళ్ళేది, నేను దెబ్బలు తినడం దేవుడికి సమ్మతమే అన్న అర్థాన్ని. సిలువను చూపించి కొట్టేవాడి చేతికి కర్ర ఇవ్వడం సువార్త కాదు.

ముడిని మళ్ళీ బిగించేవాటిలో ఇప్పుడు అన్నిటికంటే బలమైనది, నమ్మితే డబ్బూ ఆరోగ్యమూ వస్తాయని చెప్పే ఆశీర్వాదాల ప్రసంగం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానాల కార్డులు తీసుకోవడం మన సంఘాల్లో అందరికీ ఇష్టమైన ఘట్టం. పన్నెండు దాటాక లైన్లో నిలబడి, పళ్ళెంలో చెయ్యి పెట్టి ఒక కార్డు తీస్తాం. వచ్చిన వాక్యాన్ని ఫ్రిజ్ మీదో బీరువా అద్దానికో అంటిస్తాం. ఒకరికి యెషయా 43 నుంచి "నీవు నా దృష్టికి ప్రియుడవైనందున ఘనుడవైతివి" అని వస్తుంది. ఇంకొకరికి ద్వితీయోపదేశకాండం 28 నుంచి "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అని వస్తుంది. మొదటి కార్డు మార్చిలో ఉద్యోగం పోయినా నిజంగానే ఉంటుంది. రెండో కార్డును ఈ సంవత్సరపు ప్రమోషన్ అని అర్థం చెప్పించుకున్న మనిషి పరిస్థితి ఏమిటి? అక్టోబరు వచ్చేసరికి ఇంకా తోకగానే ఉన్నానంటే తప్పు వాగ్దానంలో ఉండదు కదా, నాలోనే ఉండాలి. విశ్వాసం చాల్లేదు. రహస్య పాపం ఏదో ఉంది. ఉపవాసం సరిగా చేయలేదు. దీవెన పండాలని ముందే ఇచ్చే విత్తనపు కానుక తక్కువైంది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు మళ్ళీ వచ్చి కూర్చున్నారు, ఈసారి మైకు పట్టుకుని.

ఇది కేవలం వేదాంతపు తగువు కాదు, ప్రాణం మీదికి వస్తుంది. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వవేత్త బృందం 55 ఏళ్ళు పైబడి ఆస్పత్రిలో ఉన్న 596 మందిని రెండేళ్ళ పాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించింది. దేవుడు నన్ను వదిలేశాడేమో, ఆయనకు నా మీద ప్రేమ లేదేమో, ఇది సాతాను పనేమో అని నలిగినవాళ్ళలో, జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక కూడా, చనిపోయే ముప్పు 19 నుంచి 28 శాతం ఎక్కువగా కనిపించింది. ఇలాంటి పరిశోధన దేనివల్ల ఏది జరిగిందో తేల్చి చెప్పలేదు, రెండూ కలిసి కనబడ్డాయని మాత్రమే చెబుతుంది. అయినా రోగి మంచం పక్కన నిలబడి "నీ విశ్వాసంలో ఏదో లోపం ఉంది బ్రదర్" అనేవాళ్ళు ఒక్కసారి ఆలోచించాల్సిన అంకెలు ఇవి.

మరి దేవుణ్ణి ప్రశ్నించడమే ప్రమాదమా? అలా అనుకుంటే కీర్తనల గ్రంథంలో సగం మూసేయాలి. "నేను నరుడను కాను నేను పురుగును" అన్నది 22వ కీర్తన. సిలువ మీద యేసు నోట వచ్చిన "నా దేవా, నా దేవా, నన్నేల విడనాడితివి" ఆ కీర్తన మొదటి మాటే. పార్గమెంట్ బృందమే 2004లో ప్రచురించిన తర్వాతి పరిశీలనలో, ఆ మనోవేదన రెండేళ్ళ తర్వాత కూడా తీరకుండా మిగిలినవాళ్ళ ఆరోగ్యమే ఎక్కువ దిగజారింది. అంటే ప్రశ్న రావడం కంటే, ప్రశ్నతో ఒంటరిగా ఇరుక్కుపోవడమే ముప్పు అనుకోవచ్చు. బైబిల్లో ఆ కీర్తనలు ఒంటరిగా గొణుక్కునేవి కావు. నలుగురిలో పాడడానికి రాసినవి. నేను పురుగునైపోయాను అనే మాటకు ఆరాధనలో చోటుందంటే, ఆ మాట అన్న మనిషికీ చోటుందన్నమాట.

మన సంఘాల్లో ఆ చోటు తగ్గిపోతోందని నా బాధ. సాక్ష్యాల సమయం చూడండి. లేచి నిలబడేది ఎవరు? వీసా వచ్చినవాళ్ళు, ఆపరేషన్ సక్సెస్ అయినవాళ్ళు, అబ్బాయికి సీటు వచ్చినవాళ్ళు. "దేవుడు గొప్ప కార్యం చేశాడు" అని మొదలవుతుంది, స్తోత్రంతో ముగుస్తుంది. సంతోషించాల్సిందే. కానీ ఇంకా తీరని కష్టంలో ఉన్న ఆమె చివరి వరసలో చాప మీద కూర్చుని వింటూ ఉంటుంది. ఆమె దగ్గర చెప్పడానికి కథ ఉంది, ముగింపు లేదు. ముగింపు లేని కథకు మైకు దొరకదు. కొన్నాళ్ళకు ఆమె రావడం మానేస్తుంది, లేదా మొహం మీద నవ్వు పులుముకోవడం నేర్చుకుంటుంది. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసేయలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అనే జవాబు వచ్చింది. నేటి కొలతల ప్రకారం అది సాక్ష్యం కిందికి రాదు. అయినా దాన్ని ఆయన సంఘానికి ఉత్తరంలో రాసి పంపాడు.

కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళకు ఈ చోటు ఎంత అవసరమో అక్కడి తెలుగు ఆరాధనలకు వెళ్ళినవాళ్ళకు తెలుసు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. వారమంతా ఇంకొకరి వంటింట్లో "ఏయ్" అని పిలిపించుకున్న మనిషి ఆ రెండు గంటలు "అక్కా" అవుతుంది, పాట ఎత్తుకుంటుంది, ప్రార్థన చేయమని ఇంకొకరు అడిగితే చేస్తుంది. ఒంగోలు పల్లెల్లో జరిగినదే, వేరే దేశంలో. శుక్రవారం సెలవు దొరకనివాళ్ళు ఫోన్లో వింటారు.

ఇంకొక చిక్కు ఉంది, ఇది బయటినుంచి వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవుడైన దళితుడికి లేదు. మన రాష్ట్రాల్లో వాళ్ళకు బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ వర్గం) కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. ఫలితంగా లక్షలమంది సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో ఒక పేరుతో బతుకుతున్నారు. కాలేజీ ఫారంలో మతం గడి నింపేటప్పుడు చెయ్యి తడబడుతుంది. తనకు విలువ ఉందని చెప్పిన విశ్వాసం పేరునే బయట దాచుకోవాల్సి రావడం రోజూ గుచ్చుకునే ముల్లు. దాచుకున్నందుకు బయటివాళ్ళు మోసం అంటారు, లోపలివాళ్ళు కొందరు అవిశ్వాసం అంటారు. నీళ్ళ దగ్గర, కూలి దగ్గర, అద్దె ఇంటి దగ్గర మాత్రం ఎవరూ అతని మతం అడగరు, కులమే అడుగుతారు. ఈ ఉత్తర్వును మార్చాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు.

సంఘం లోపల కూడా అంతా సాఫీగా లేదు. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువగా ఉండడం చరిత్రలో అలా జరిగిపోయింది. కానీ ఈ రోజుకీ పెళ్ళి మాటల్లో, బిషప్ ఎన్నికల్లో, స్మశానం దగ్గర ఆ గీతలు అలాగే ఉండడానికి చరిత్ర సాకు కాదు. అగ్రకుల క్రైస్తవుడు అదే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, సంబంధం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కులం అడిగితే, పక్కన మోకరించినవాడికి ఆ రొట్టె ఏం చెప్పినట్టు?

ఒక సంగతి పాస్టర్లకూ సంఘపెద్దలకూ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు మీ దగ్గరికే వస్తారు. నిద్ర పట్టడం లేదు, బతకాలని లేదు అని ఒకరు చెబితే అది విశ్వాసం తగ్గిందనడానికి గుర్తు కాదు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. దూత వచ్చి రొట్టె, నీళ్ళు పెట్టాడు. పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. మాటలు తర్వాత వచ్చాయి. ప్రార్థన చేయండి, చేశాక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును చర్చి నోటీసు బోర్డు మీద, ఆరాధన సమయాల పక్కనే రాసి పెట్టండి. మాత్రలు వేసుకుంటున్న మనిషిని పాట పాడమని, ఆదివారం బడి పిల్లలకు కథ చెప్పమని అడగండి. బాగయ్యేదాకా ఆగనక్కర్లేదు.